బాలన్న లెక్కలో గంట పది నిమిషాలు

బహ్రెయిన్‌లో మన కూలీలు ఉండే గలాలీ క్యాంపులో ఇప్పటికీ ఒక మాట తిరుగుతూ ఉంటుంది. గంగన్న విమానంలో గుర్రుపెట్టి నిద్రపోయాడట, అందుకే చేపలు చచ్చాయట, నర్సింలు మందు ఆగమైందట. ఇంకొందరు ఇంకో మెట్టు పైకెక్కి, బొంబాయిలో కస్టమ్స్ వాళ్లు చేపల్ని గుంజుకుని కూర వండుకున్నారని కూడా అంటారు. అవన్నీ ఉత్త మాటలు. గంగన్న ఆ రోజు కన్ను మూసింది లేదు. చేపల జోలికి ఏ కస్టమ్స్ మనిషీ రాలేదు. తప్పు జరిగింది బాలన్న లెక్కలో. ఆ మాట బాలన్నే నలుగురిలో నిలబడి ఒప్పుకున్నాడు. కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం.

బాలన్నది కోరుట్ల పక్కన చిన్న ఊరు. నలభై రెండేళ్ల మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. కంపెనీలో ఇనుప చువ్వలు వంచి తీగతో కట్టే పని. బహ్రెయిన్ వచ్చి పదకొండేళ్లయింది. ఊళ్లో మాత్రం దుబాయి బాలన్న అనే పేరు. ఊరివాళ్లకు సముద్రం అవతల ఉన్నదంతా దుబాయే కదా. చదువు నాలుగో తరగతితో ఆగింది గానీ అంకెలంటే ప్రాణం. సిమెంటు బస్తా మీద అంకె కనిపిస్తే చదువుతాడు, బండి వెనక నంబరు కనిపిస్తే కూడతాడు.

గలాలీ సముద్రం ఒడ్డు పల్లె. విమానాశ్రయం దగ్గరే. క్యాంపు మిద్దె మీద లుంగీలు ఆరేస్తుంటే విమానాలు నెత్తిమీదుగా దిగుతూ ఉంటాయి. బాలన్న తల ఎత్తకుండానే "ఇది బొంబాయిది" అంటాడు. కాదని చెప్పగలిగేవాడు క్యాంపులో లేడు.

అతని మంచం కింద ఒక బిస్కెట్ల డబ్బా ఉండేది. క్యాంపులో ఎవరు సెలవు నుంచి తిరిగొచ్చినా, వాడేసిన టికెట్టునూ దానికి ఏజెంటు పిన్ను కొట్టిచ్చిన కాగితాన్నీ బాలన్నకు ఇచ్చెయ్యాలి. ఆ కాగితం మీద విమానం ఎక్కే టైమూ దిగే టైమూ రాసి ఉంటాయి. బాలన్న చేసేదల్లా ఒకటే, దిగే టైములోంచి ఎక్కే టైము తీసెయ్యడం. బొంబాయిలో పదకొండుంబావుకు ఎక్కితే బహ్రెయిన్‌లో పన్నెండు ఇరవై అయిదుకు దిగుతారు. అంటే గంట పది నిమిషాలు. మరి పోయేటప్పుడో, ఇక్కడ ఒకటిన్నరకు ఎక్కితే బొంబాయిలో సాయంత్రం ఏడున్నరకు దిగుతారు. అంటే ఆరు గంటలు. ఒక్క టికెట్టు కాదు, డబ్బాలో ఉన్న నలభై టికెట్లూ అదే మాట చెప్పాయి.

"అదెట్లనే బాలన్నా, వచ్చేటప్పుడు గంట, పోయేటప్పుడు ఆరు గంటలు?" అని కొత్తగా వచ్చినవాళ్లు అడిగేవాళ్లు.

"వచ్చేటప్పుడు మనం ఏం తెస్తం? రెండు అంగీలు, ఒక తొక్కు డబ్బా. పోయేటప్పుడు ఏం మోస్తం? కంబళ్లు, టేప్ రికార్డర్లు, పాలపొడి డబ్బాలు. వడ్ల బస్తాలేసిన ఎడ్లబండి, ఉత్త బండి ఒక్క తీరుగ ఉరుకుతయా?"

ఈ మాటకు తిరుగు లేదు. కంపెనీ పికప్ నడిపే ఇంతియాజ్ ఒక్కడే అప్పుడప్పుడు గొణిగేవాడు. హైదరాబాదు యాకుత్‌పురా మనిషి, అందరితో తెలుగులోనే మాట్లాడతాడు.

"గట్ల కాదు భాయ్. టైం ఫరక్ ఉంటది."

"ఏం ఫరక్? వివరంగ చెప్పు."

ఇంతియాజ్‌కు ఉందని తెలుసు గానీ వివరంగా చెప్పడం రాదు. "ఉంటది, అంతే" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. "డ్రైవర్ సాబ్, నువ్వు సిగ్నల్ చూసుకో పో" అనేవాళ్లు.

అయినా విమానంలో కూర్చుని వచ్చినవాళ్లకు తెలియదా అని మీకు అనిపించవచ్చు. మొదటిసారి వచ్చేవాడు భయంతో కళ్లు మూసుకుంటాడు, రెండోసారి వచ్చేవాడు దుఃఖంతో మూసుకుంటాడు. గడియారం చూసేదెవరు? పైగా ఆ గంట పది నిమిషాలు అందరికీ కావాల్సిన మాట. ఊళ్లో భార్యకు ఫోను చేసి "నేనెంత దూరంల లేనే, గంటనే" అని చెప్పుకోవడానికి పనికొచ్చే మాట. బాలన్న భార్య చిన్నవ్వ అయితే బీడీలు చుట్టే ఆడవాళ్ల మధ్య కూర్చుని గొప్పగా చెప్పేది. "మీ ఆయన హైదరాబాద్‌ల ఉంటడు, ఊరికి రావాలంటే అయిదు గంటల బస్సు. మా ఆయనది గంటనే" అని.

తమాషా ఏమిటంటే, ఊరికి ఫోను చేసేటప్పుడు మాత్రం క్యాంపులో ప్రతి ఒక్కడికీ లెక్క తెలుసు. చిన్నవ్వ ఎనిమిదింటికి ఎస్టీడీ బూత్‌కు వస్తుందంటే, ఇక్కడ అయిదున్నరకే కోల్డ్ స్టోర్ ముందు ఫోను కోసం వరసలో నిలబడేవాడు బాలన్న. కోల్డ్ స్టోర్ అంటే క్యాంపు పక్కన మలయాళీ అతని కిరాణా కొట్టు. ఊరి గడియారం రెండున్నర గంటలు ముందుంటుందని పదకొండేళ్లుగా తెలిసిన మనిషికి, టికెట్టు మీద ఎక్కే టైము ఊరి గడియారానిదనీ, దిగే టైము ఈ ఊరి గడియారానిదనీ ఒక్కసారి కూడా తట్టలేదు. బుర్రలో రెండు గదులు ఉంటే మధ్యలో తలుపు లేనట్టు.

ఇక నర్సింలు సంగతి. బాలన్న ఊరే, బాలన్న పక్క మంచమే. గోడలకు ప్లాస్టరింగ్ చేస్తాడు. చెయ్యి మంచిది, గోడ అద్దంలా వస్తుంది. కానీ దమ్ము, అంటే ఉబ్బసం. సిమెంటు దుమ్ము తగిలిందంటే సాయంత్రానికి దిండు కౌగిలించుకుని ముందుకు వంగి కూర్చునేవాడు. ఛాతీలోంచి పిల్లనగ్రోవి ఊదినట్టు సన్నగా చప్పుడు. పక్క మంచం మీద బాలన్నకు ఆ చప్పుడు వింటే తన ఊపిరే ఆడనట్టు ఉండేది.

దానికి నర్సింలు నమ్ముకున్నది హైదరాబాదు చేప మందు. మృగశిర కార్తె ప్రవేశించిన రోజున పాతబస్తీలో ఇస్తారు, మీకు తెలిసిందే. బతికున్న కొర్రమట్ట పిల్ల నోట్లో మందు ముద్ద పెట్టి, ఆ చేపను అట్లాగే మింగించేస్తారు. కార్తె ప్రవేశించిన దగ్గర్నుంచి ఒక పగలూ ఒక రాత్రీ లోపలే మింగాలి. అట్లా మూడేళ్లు వరసగా చెయ్యాలి. నర్సింలు రెండేళ్లు సెలవు పెట్టుకుని పోయి మింగొచ్చాడు. తొంభై అయిదులో మూడో ఏడు. ఆ ఏడు సెలవు దొరకలేదు. సఖీర్‌లో యూనివర్సిటీ కట్టడం పని, జూన్‌లో ఎవర్నీ వదిలేది లేదన్నారు.

అంతటితో పోతే బాగుండేది. ఆగస్టులో నర్సింలు వీసా మళ్లీ చెయ్యాలి, దానికి ముందు మెడికల్. ఒకరోజు ఫోర్‌మన్ అతని పక్కన నిలబడి, కాసేపు ఆ పిల్లనగ్రోవి విని అన్నాడట. "మెడికల్‌లో డాక్టరు ఇది వింటే నువ్వు ఖలాస్. ఇంటికే." ఆ రాత్రి నుంచి నర్సింలుకు ఒకటే జపం. మూడో ఏడు మందు తప్పితే ముందు రెండేళ్లవీ బూడిదలో పోసినట్టే అని. కంపెనీ క్లినిక్‌లో ఇచ్చిన పీల్చే మందు ఉంది, దాన్ని మాత్రం ముట్టలేదు. చేప మందుకు పడదేమోనని పెట్టెలో దాచాడు.

అప్పుడు బాలన్నకు తట్టింది. నర్సింలు బావమరిది గంగన్న అదే క్యాంపు మనిషి, అంతకు ముందే సెలవు మీద ఊరికి పోయి ఉన్నాడు. తిరుగు టికెట్టు సరిగ్గా జూన్ ఎనిమిదికి. ఆ ఏడు కార్తె ఏడో తారీఖు సాయంత్రం అయిదింటికి ప్రవేశమని పంచాంగం. మందు ఇచ్చేది అప్పటి నుంచి ఎనిమిదో తారీఖు సాయంత్రం అయిదు దాకా.

శుక్రవారం కోల్డ్ స్టోర్ ఫోనులో బాలన్న గట్టిగా అరుస్తూ గంగన్నకు వివరించాడు. పక్కన నర్సింలు రిసీవరుకు చెవి ఆనించి నిలబడ్డాడు.

"ఏడో తారీఖు ముందుగాల్నే లైన్ల నిలబడు. మందు ముద్ద కట్టించుకో. చేపలు నాలుగు తీసుకో, ఒకటి పోయినా ఒకటుంటది. పొద్దుగాల హైదరాబాద్‌ల విమానమెక్కు, బొంబాయిల మారు."

"చేపలు బతుకుతయా అన్నా?"

"అమ్మెటోన్ని అడుగు."

గంగన్న అడిగి, రెండు రోజుల తర్వాత మళ్లీ మాట్లాడాడు. "అమ్మెటోడు ఏమంటుండంటే, కవర్ల నీళ్లు పోసి మూతి కట్టేస్తే రెండు గంటలు బతుకుతయట. ఆ పైన గ్యారంటీ లేదట. కొర్రమట్ట పైకొచ్చి గాలి తాగాలె, గాలి అయిపోతే నీళ్లల్ల ఉండి గూడ సస్తదట."

బాలన్న నవ్వాడు. "హైదరాబాద్ నుంచి బొంబాయి గంటం బావు. ఆడ మూతి ఇప్పు, నీళ్లు మార్చు, మళ్ల కట్టు. బొంబాయి నుంచి ఈడికి గంట పది నిమిషాలు. ఇంక ఏభై నిమిషాలు మిగులుతయి."

"మూతి సగం ఇడిచి పెట్టనా?"

"పిచ్చోనివా ఏంది? నీళ్లు ఒలికితే విమానంల పనిచేసే పిల్ల తీసి బయట పారేస్తది. రెండు రబ్బర్లేసి బిగిచ్చి కట్టు."

పన్నెండు ఇరవై అయిదుకు విమానం దిగుతుంది, సాయంత్రం అయిదు దాకా టైము. నర్సింలు సఖీర్‌లో డ్యూటీ చేసుకుని నాలుగింటికి కంపెనీ బస్సులో వస్తే సరిపోతుంది. అదీ బాలన్న లెక్క. నర్సింలు పొద్దున్నే ఒక చాయ్ తాగి, మళ్లీ ఏమీ ముట్టకుండా, ఖాళీ కడుపుతో పనికి పోయాడు.

ఎనిమిదో తారీఖు గురువారం. బాలన్న సగం రోజు సెలవు పెట్టి, ఇంతియాజ్ పికప్‌లో విమానాశ్రయానికి వెళ్లాడు. విమానం టైముకే దిగిందని బోర్డు చెప్పింది. బాలన్న ఇంతియాజ్ భుజం తట్టి, "చూసినవా, పన్నెండు ఇరవై అయిదంటే పన్నెండు ఇరవై అయిదే" అన్నాడు. ఒంటి గంట దాటింది. ఒంటిగంటంబావుకు గంగన్న బయటికి వచ్చాడు. అతన్ని చూసి బాలన్న నవ్వు సగంలో ఆగిపోయింది. గంగన్న ప్యాంటు తొడల దాకా తడిసి ఉంది. మొహం పాలిపోయి ఉంది. రెండు చేతులతో ఒక నీళ్ల కవరు మూతి తెరిచి, గుండెకు ఆనించి పట్టుకుని, గుడిలో హారతి పళ్లెం తెచ్చేవాడిలా చిన్నగా నడుస్తున్నాడు. సామాన్ ఎవరో పుణ్యాత్ముడు వెనకాల తోసుకొస్తున్నాడు.

కవరులో ఒక్క చేప ఉంది. చిటికెన వేలంత. పైకొచ్చి నోరు తెరిచి, గాలి తాగి, కిందికి పోతోంది.

"తక్కినయేవి?" అన్నాడు బాలన్న.

"ఏవంటవా? గంట పది నిమిషాలంటివి గద?" అన్నాడు గంగన్న. "గంటైంది. ఇగ దిగుతడు, ఇగ దిగుతడు అని కిటికీల చూస్తున్న. అన్నం తెచ్చి పెట్టిండ్రు. దిగెటోడు అన్నం పెడ్తడా అనుకున్న. గంటన్నర అయింది. కింద నీళ్లే. రెండు గంటలైంది. కింద నీళ్లే. బండి దారి తప్పిందనుకున్న. ఆ చీర కట్టిన పిల్లని పిలిచి అడిగిన, అమ్మా ఇంకెంత సేపని. ఇంకా గంటా నలభై నిమిషాలన్నది. నా పానం ఆడనే పోయింది."

"అట్లెట్లయితది…"

"సంచి తీసి రబ్బరు ఇప్పిన. రెండు తేలిపోయి ఉన్నయి. ఒకటి మూతి ఇప్పంగనే ఎగిరి దుంకింది. సీట్ల కింద పాక్కుంట నేను, సీటు మీదికెక్కి మొత్తుకుంట పక్కనామె. దొరికేటాళ్లకు ఎవలో తొక్కిండ్రు. ఇగో, ఇదొక్కటి మిగిలింది. గంటా నలభై నిమిషాలు దీన్ని పట్టుకోని, దీని నోరు సూసుకుంట వచ్చిన. ఇది నోరు తెరిచినప్పుడల్ల నాకు మా బావే కనపడ్డడు."

బాలన్న మనసులో లెక్క మళ్లీ తిప్పి చూశాడు. నలభై టికెట్లు. పదకొండేళ్లు. ఏదో మబ్బు అడ్డం వచ్చి చుట్టు తిరిగి వచ్చి ఉంటారు అందామనుకున్నాడు గానీ బోర్డు మీద టైముకే దిగిందని ఉంది. ఆలస్యం కాని విమానం రెండున్నర గంటలు ఎక్కువ ఎట్లా ఎగురుతుంది? అప్పుడే కవరు పట్టుకున్న గంగన్న చేతి మీద గడియారం అతని కంట పడింది. మూడూ నలభై అయిదు. తన గడియారం చూసుకున్నాడు. ఒకటీ పదిహేను.

"నీ గడియారం ఖరాబయింది."

"ఖరాబేంది? ఊరి టైము. ఇంకా తిప్పలే."

 ఇంతియాజ్ మెల్లగా అడిగాడు. "బాలన్నా, వదినెకు ఫోన్ ఎన్నింటికి చేస్తవు?"

"అయిదున్నరకు."

"ఆడ అప్పుడు ఎంతైతది?"

"ఎనిమి…"

ఆ మాట సగంలోనే ఆగింది. బాలన్న నోరు అట్లాగే తెరుచుకుని ఉండిపోయింది. చుట్టూ ట్రాలీలు పోతున్నాయి, ఎవరివాళ్లను వాళ్లు కౌగిలించుకుంటున్నారు, బాలన్న మాత్రం రెండు గడియారాల మధ్య నిలబడిపోయాడు. పదకొండుంబావు బొంబాయిది. పన్నెండు ఇరవై అయిదు ఇక్కడిది. ఇన్నేళ్లూ తను ఒకరి గడియారంలోంచి ఇంకొకరి గడియారాన్ని తీసేస్తున్నాడు.

అది ఒక దెబ్బ. దాని వెనకే రెండోది వచ్చింది. మొహం తెల్లబోయి గంగన్న చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"గంగన్నా, అయిదింటికి మందు ఖలాస్ అన్నరు గద. ఏ అయిదు?"

"ఊరి అయిదే. కార్తె ఆడిది గద."

"నీ గడియారంల అయిదు కావాలంటే ఇంకా గంటం బావే ఉన్నది. నా గడియారంల అది రెండున్నర. నర్సింలు నాలుగింటికి బస్సెక్కుతడు."

ఇంతియాజ్ అప్పటికే తాళం చెవి తీశాడు. "యల్లా. ఎక్కుండ్రి. సఖీర్."

గలాలీ ఉన్నది ద్వీపానికి పైకొసన, సఖీర్ కింద ఎడారిలో. చిన్న దేశమే గానీ జూన్ మధ్యాహ్నం చేతిలో చేప పెట్టుకున్నవాడికి చిన్నది కాదు. పికప్ ముందు సీటులో ముగ్గురూ ఇరుక్కున్నారు. కవరు బాలన్న ఒళ్లోకి మారింది. ఎండకు కవరులో నీళ్లు గోరువెచ్చగా అయ్యాయి. చేప పైకి రావడం తరచైంది. బాలన్న తువ్వాల తడిపి కవరు చుట్టూ చుట్టాడు. ప్రతి సిగ్నల్ దగ్గరా గంగన్న గడియారం వంక చూడడం, ఇంతియాజ్ స్టీరింగ్ మీద వేళ్లతో కొట్టడం.  ఒకచోట గంగన్న అన్నాడు. "రెండు రబ్బర్లేసి బిగిచ్చి కట్టుమంటివి అన్నా." బాలన్న తల వంచి చేప వంకే చూశాడు. అది నోరు తెరిచింది, మూసింది.

సఖీర్ చేరేసరికి గంగన్న గడియారంలో నాలుగూ ముప్పై అయిదు. నర్సింలు మూడో అంతస్తు ఎత్తున పరంజా మీద ఉన్నాడు. బాలన్న కింద నిలబడి పిలిచాడు.

"నర్సింలూ, దిగు. మందొచ్చింది."

"అయిదింటికి గద అన్నా? రెండు తాపీలేసి వస్త."

"తాపీ ఆడ పెట్టి దిగు. మాట్లాడకు."

దిగడం అంటే అతనికి ఎక్కడం కన్నా కష్టం. ఒక్కో అడ్డకర్ర దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. ఆ పిల్లనగ్రోవి చప్పుడు కింద నిలబడ్డవాళ్లకు కూడా వినిపిస్తోంది. బాలన్నకు పైకెక్కి భుజం మీద మోసుకొద్దామనిపించింది. దిగేసరికి నాలుగూ నలభై ఆరు. గంగన్న అప్పటికే పొట్లం విప్పి, పసుపు పచ్చని ముద్దను చేప నోట్లో కూరాడు. చుట్టూ పనివాళ్లు గుమిగూడారు. ఒక బంగాలీ మేస్త్రీ చూసి, "జిందా మచ్ఛీ? పాగల్ హో గయా?" అన్నాడు. ఒక పఠాన్ పనివాడు ఫోర్‌మన్‌ను పిలవడానికి పరుగెత్తాడు.

నర్సింలు నోరు తెరిచాడు. గంగన్న చేప పెట్టాడు. అప్పుడే దగ్గు తన్నుకొచ్చింది. చేప ఎగిరి ఇసుకలో పడింది. బాలన్న మోకాళ్ల మీద పడి రెండు చేతులతో ఇసుకతో సహా ఎత్తాడు. తాగే నీళ్ల డబ్బా కుళాయి కింద పెట్టి కడిగాడు. మందు ముద్ద ఇంకా దాని నోట్లోనే ఉంది. తోక ఒక్కటే కదులుతోంది.

"ఊపిరి వట్టు. తల పైకెత్తు. నన్ను చూడు," అన్నాడు బాలన్న. ఈసారి చేప తన చేత్తోనే పెట్టాడు.

నర్సింలు మెడ ఒకసారి ఉబ్బింది. కళ్లు పెద్దవయ్యాయి. గొంతులో ఏదో కిందికి జారడం అందరికీ కనిపించింది. ఆ తర్వాత ఎంతకీ ఊపిరి తియ్యడే. ఫోర్‌మన్ వచ్చి నిలబడ్డాడు. ఎవరూ కదల్లేదు. బాలన్న చెయ్యి నర్సింలు వీపు మీదే ఉంది, ఆ వీపు రాయిలా ఉంది. తరవాత ఒక్క పెద్ద ఊపిరి, చెరువు తూము తెరిచినట్టు.

"పోయింది," అన్నాడు నర్సింలు.

గంగన్న గడియారం చూశాడు. "నాలుగూ యాభై రెండు."

బాలన్న అక్కడే సిమెంటు బస్తాల నీడలో కూలబడ్డాడు. నర్సింలే వచ్చి అతనికి నీళ్లు ఇచ్చాడు. అప్పుడు బాలన్న అన్న మాట గంగన్న ఇప్పటికీ చెబుతాడు. "నర్సింలూ, పదకొండేండ్ల లెక్క నాది, తప్పింది. నాది తప్పినప్పుడు నీది గూడ తప్పొచ్చు. పెట్టెల పెట్టిన ఆ పీల్చే మందు ఉన్నదే, దాన్ని గూడ రేపటిసంది వాడు." నర్సింలు మర్నాడు పెట్టె తెరిచాడు.

ఆగస్టు మెడికల్‌లో డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడట. పీల్చే మందు మానొద్దని చెప్పి, ఫిట్ అని రాశాడు. చేప పనిచేసిందా, పీల్చేది పనిచేసిందా అని క్యాంపులో రెండు పార్టీలు. ఆ తగువు తీర్చడం మన వల్ల కాదు.

మందు మింగిన మర్నాడు శుక్రవారం. ఆ పొద్దున్నే బాలన్న విమానాశ్రయానికి మళ్లీ వెళ్లి, కౌంటరులో కూర్చున్న ఒకాయన్ని అడిగి వచ్చాడు. మిద్దె మీద అందర్నీ కూర్చోబెట్టి డబ్బా ముందు పెట్టుకుని చెప్పాడు.

"నేను ఇన్నేండ్లు మీకు తప్పు చెప్పిన. బొంబాయి నుంచి ఈడికి మూడు గంటలా నలభై నిమిషాలు. పోయేటప్పుడు మూడున్నర. బరువు లేదు, ఎడ్లబండి లేదు. గాలి తోని పది నిమిషాలు అటు ఇటు అయితదట. దూరం రెండు వేల నాలుగు వందల కిలోమీటర్లు. మన కోరుట్ల నుంచి హైదరాబాద్‌కు పోయేటి దూరం పన్నెండు సార్లు పోతే ఎంతనో అంత. ఆ మీద బొంబాయి నుంచి మన ఊరు వేరే."

తిడతారని అనుకున్నాడు. ఎవరూ తిట్టలేదు.   ఒకతను, "మా బిడ్డకు గంటే అని చెప్పిన గదనే. పండుకునే ముందల లెక్క పెట్టుకుంటది" అన్నాడు. ఇంకొకతను, "నాకు చెప్పకుంటే మంచిగుండె. నేను ఆ గంట మీద కూసోని బతుకుతున్న" అన్నాడు. భూమేష్ అనే ముసలాయన లేచి లుంగీ దులుపుకుని, "పోయేటప్పుడు ఆరు గంటలు కాదు, మూడున్నరే అన్నడు గద. ఇంటికి పోయే తొవ్వ దగ్గరయింది. దానికి సంతోషపడుండ్రి" అన్నాడు. ఎవరూ పెద్దగా సంతోషపడలేదు.

సాయంత్రం అయిదున్నరకు బాలన్న కోల్డ్ స్టోర్ ముందు నిలబడి చిన్నవ్వకు చెప్పాడు. చేప సంగతి అంతా చెప్పి, చివర గంట సంగతి చెప్పాడు.  లైను తెగిందేమో అనుకున్నాడు.

"ఇంటున్నవా?" అన్నాడు.

"ఇంటున్న," అంది చిన్నవ్వ. "గంటనే అని ఊరంత చెప్పిన. మొన్న నాకు జరమొచ్చినప్పుడు గూడ, ఏమన్నయితే గంటల వస్తడులే అని పండుకున్న. ఇప్పుడు నువ్వు ఎంత దూరముంటివి?"

బాలన్న చెప్పాడు. మూడు గంటలా నలభై నిమిషాలు, ఆ మీద బొంబాయి, ఆ మీద బస్సు. సెలవు దొరకాలి, పాస్‌పోర్టు వీసా ఇచ్చిన కఫీల్ దగ్గరుంది, అది రావాలి. అన్నీ కూడితే మూడు రోజులు, అదీ అందరూ దయతలిస్తే. మొదటిసారి అన్నీ కలిపి కూడాడు. 

"మూడు దినాలా," అంది చిన్నవ్వ. "సరే తియ్యి. తెలిసింది గద, ఇగ ఆ లెక్కన జరం తెచ్చుకుంట." అని నవ్వింది. ఆ నవ్వు బాలన్నకు నచ్చలేదు. వచ్చే జూన్‌లో అయినా సరే, ఈసారి సెలవు కాగితం ముందే పెడతానని చెప్పాడు. పెట్టాడు కూడా.

కాబట్టి గంగన్న నిద్రపోయాడని ఇంకెవరైనా అంటే నమ్మకండి. ఇంకొక్కటి. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు సముద్రం అవతల ఉండే ఉంటారు. వాళ్ల టికెట్టు ఒకసారి తీసి చూడండి. ఎక్కే టైము ఏ ఊరి గడియారానిది, దిగే టైము ఏ ఊరి గడియారానిది, మధ్యలో నిజంగా ఎన్ని గంటలు అన్నది ఏజెంటునో కౌంటరులో మనిషినో అడిగి రాసి పెట్టుకోండి. ఇక్కడ చెప్పిన మూడు గంటలా నలభై నిమిషాలు కూడా ఒకసారి కనుక్కోండి, విమానం మారితే అదీ మారుతుంది. అడిగితే పోయేదేమీ లేదు.